ఆకు నేర్చిన వాసన

వానలు ఆలస్యమైన ఆ ఏడు, ఒక మిట్టమధ్యాహ్నం, కడియపులంకలోని వీర్రాజు నర్సరీలో ఒక కలాతియా మొక్క ఆకులన్నీ పైకెత్తేసింది.

వీర్రాజు నర్సరీలో గులాబీలూ చామంతులూ ఉండవు. అన్నీ ఇళ్ళలో పెట్టుకునే రంగు ఆకుల మొక్కలే. నీడపందిరి కింద క్రోటన్లు, కోలియస్‌లు, ఎర్రటి పెద్ద ఆకుల కలాడియంలు వరసలుగా ఉంటాయి. చివరి బల్ల మీద కలాతియాలు. వాటి ఆకుకు పైన ముదురు పచ్చ మీద గులాబీ గీతలు, అడుగున వంకాయ రంగు. పగలు పరుచుకుని ఉండి, చీకటి పడగానే దండం పెడుతున్నట్టు నిలబడతాయి. పట్టపగలు నిలబడటం మాత్రం ఎవరూ చూడలేదు.

వీర్రాజు భార్య సుభాషిణి చేతిలోని స్ప్రేయరు కింద పెట్టి ఆ మొక్క దగ్గరికి వచ్చింది. ఆమె రాజమండ్రి దగ్గర ఒక మొక్కల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. ఆ మొక్క ఆమె ప్రయోగశాలలో పుట్టిందే. ఇంట్లో అగరొత్తి వెలిగించగానే ఆకులెత్తి వంకాయ రంగు చూపించే మొక్క కావాలని అలంకరణ మొక్కల కంపెనీ ఒకటి అడిగింది. ఆకు కాడ చివర మోకాలిలా ఉబ్బి ఉండే చిన్న కీలు ఉంటుంది. ఆకును లేపేదీ దించేదీ అదే. ఆ కీలుకు వాసన పసిగట్టే గుణం వచ్చేలా సుభాషిణి జన్యువు ఎక్కించింది. మొక్కలు చాలానే తయారయ్యాయి గానీ ఒక్కటీ అగరొత్తికి కదల్లేదు. కంపెనీ విసిగిపోయి పక్కకు తప్పుకుంది. పారెయ్యడానికి మనసొప్పక, కేంద్రం అనుమతి తీసుకుని సుభాషిణి కొన్నిటిని ఇంటికి తెచ్చుకుంది.

"కౌముదీ, ఇక్కడ అగరొత్తి ఏమన్నా వెలిగించావా?"

బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని కుండీలకు పేర్ల చీటీలు గుచ్చుతున్న కూతురు తల అడ్డంగా ఊపింది. డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఇంటి పట్టునే ఉంటున్న పిల్ల. "లేదే. ఎందుకమ్మా?"

"ఇదిగో, ఇది చూడు..."

కౌముది చూడలేదు. చేతిలోని చీటీలు జారిపోయాయి. కళ్ళు ఒక పక్కకు తిరిగాయి. స్టూలుతో పాటు ఆమె నేల మీద పడి, ఒళ్ళంతా బిగుసుకుని కొట్టుకోవడం మొదలుపెట్టింది. వీర్రాజు పరుగున వచ్చి భుజం మీది తువ్వాలు మడిచి తల కింద పెట్టాడు. సుభాషిణి కూతుర్ని పక్కకు ఒత్తిగిలబెట్టి, తగిలేలా ఉన్న కుండీలన్నీ దూరంగా జరిపింది. ఏడో తరగతి నుంచి ఉన్న జబ్బే. ఎన్నిసార్లు చూసినా ఆ కాసేపూ ఇద్దరికీ ఊపిరాడేది కాదు.

ఒళ్ళు నెమ్మదించి కౌముది నిద్రలోకి జారుకున్నాక, సుభాషిణి తల పైకెత్తి బల్ల మీదికి చూసింది. కలాతియా ఆకులు ఒక్కొక్కటే మళ్ళీ వాలుతున్నాయి.

* * *

కౌముదికి మొదటినుంచీ వైద్యం చేస్తున్న నరాల డాక్టరు ఇలియాస్ ఈ మాట విని వెంటనే నమ్మలేదు, కొట్టిపారెయ్యనూ లేదు.

"ఫిట్స్ రాబోయే ముందు ఒంట్లోంచి వచ్చే ఆవిరి మారుతుందని కొందరంటున్నారు మేడమ్. మన ముక్కుకి అందదు. కొన్ని కుక్కలు పసిగడతాయంటారు. మొక్క పసిగట్టిందంటే..." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒకసారి జరిగితే కాకతాళీయం. మళ్ళీ జరగనివ్వండి, చూద్దాం."

"మళ్ళీ జరగాలని నేనెలా కోరుకుంటాను డాక్టరు గారూ?"

"మీరు కోరుకోనక్కర్లేదు. అదెలాగూ వస్తోంది కదా. మొక్కని పిల్ల దగ్గర పెట్టండి, అంతే."

అలా ఆ మొక్క నీడపందిరి నుంచి కౌముది గదిలోకి వచ్చింది.

గదిలో దాన్ని బతికించడం తేలికైన పని కాలేదు. వచ్చిన కొత్తలోనే ఆకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగాయి. కుళాయి నీళ్ళలోని మందు దానికి పడలేదని వీర్రాజు కనిపెట్టి, నీళ్ళు బకెట్టులో నిలవబెట్టి మర్నాడు పొయ్యడం మొదలుపెట్టాడు. తూర్పు కిటికీ దగ్గర తెర వేసి దాని చాటున పెట్టాడు. వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి, నీళ్ళు పోసి, ఆ రాళ్ళ మీద కుండీ నిలబెట్టాడు. వేళ్ళు తడిసి కుళ్ళకుండా, ఆకులకు మాత్రం తేమ తగిలేలా. ఏసీ తీయించేశాడు. పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కో ఆకు కింద అరచెయ్యి పెట్టి దుమ్ము తుడిచేవాడు.

"నాకు ఏసీ లేకుండా పోయింది నాన్నా," అని కౌముది గొణిగింది.

"దానికి పడదమ్మా. నువ్వు చెమట తుడుచుకోగలవు, అది తుడుచుకోలేదు గదా."

రెండోసారి ఆకులు లేచినప్పుడు కౌముది అద్దం ముందు జడ వేసుకుంటోంది. అద్దంలో వెనక వంకాయ రంగు కనిపించింది. దువ్వెన పక్కన పెట్టి, "అమ్మా" అని ఒక్క కేక వేసి, తనంతట తానే వెళ్ళి చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. తల్లి వచ్చేసరికి ఇంకా మాట్లాడుతూనే ఉంది. "వస్తుందేమో అమ్మా. లేచింది." ఆ తర్వాత వచ్చింది. ఆమెకు ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. లేచాక గోడకు ఆనుకుని కూర్చుని నవ్వింది. ఫిట్స్ వచ్చిపోయాక ఆమె నవ్వడం తల్లిదండ్రులు చూడటం అదే మొదలు.

మూడోసారీ, నాలుగోసారీ మొక్క తప్పలేదు. రాత్రిళ్ళు మాత్రం దానివల్ల ఉపయోగం లేదు. చీకటి పడితే ఎలాగూ ఆకులు నిలబడతాయి. కానీ పగలు మొత్తం కౌముదిదైంది. ఒకప్పుడు కౌముది స్నానాల గదిలో పడిపోయి నుదురు పగలగొట్టుకున్న నాడు వీర్రాజు ఆ తలుపు గడియ ఊడదీశాడు. ఇప్పుడు తనే స్క్రూడ్రైవరు తీసుకుని గడియ మళ్ళీ బిగించాడు. స్నానానికి వెళ్ళేముందు ఆకుల వైపు ఒకసారి చూసి, లోపల గడియ పెట్టుకుని కౌముది చాలాసేపు బయటికి రాలేదు. సుభాషిణి వంటింట్లో నిలబడి నీళ్ళ చప్పుడు వింటూ ఉండిపోయింది. తలుపు తట్టలేదు.

* * *

అలాంటి మొక్కలు మరికొన్ని కావాలి. సుభాషిణికి ఇక వేరే ఆలోచన లేదు. ఆకు కీలు నుంచి చిన్న ముక్క కోసి ప్రయోగశాలలో సీసాల్లో పెంచింది. పిల్లమొక్కలు తల్లిలాగే రంగురంగుల ఆకులు వేశాయి. వాటిని ఇలియాస్ క్లినిక్‌లో, కౌముది గదిలో పెట్టి చూశారు. కౌముదికి ఫిట్స్ వచ్చిన రోజున తల్లిమొక్క లేచింది. పిల్లమొక్కలు మాత్రం పరుచుకునే ఉన్నాయి.

కారణం దొరకడానికి నెలలు పట్టింది. తల్లిమొక్కలోనే కొన్ని ఆకులు లేచి, కొన్ని లేవకపోవడం ఆమెకు దారి చూపించింది. కలాతియా కొత్త ఆకు చుట్టచుట్టుకుని బీడీలా పుడుతుంది. అది విచ్చుకునే రోజుల్లో ఏ వాసన తగిలితే, కీలు ఆ వాసననే నేర్చుకుంటుంది. ఒకసారి పూర్తిగా విచ్చుకున్నాక ఇంక కొత్తగా ఏదీ నేర్చుకోదు. తల్లిమొక్క నర్సరీలో కౌముది స్టూలు పక్కనే ఉన్న రోజుల్లో ఆమెకు తరచుగా ఫిట్స్ వచ్చేవి. అందుకే అది నేర్చుకుంది.

ఆ మాట విని ఇలియాస్ కౌముది మందుల చీటీ బయటికి తీశాడు. ఆ మధ్యే ఆయన కౌముదికి కొత్త మాత్రలు మొదలుపెట్టాడు. అవి బాగా పనిచేస్తున్నాయి. ఫిట్స్ అరుదైపోయాయి. పిల్ల ఎంత బాగుంటే మొక్క అంత తెలివితక్కువగా మిగులుతుంది. పాత ఆకులు పండి రాలిపోతున్నాయి. కొత్త ఆకులు ఏమీ నేర్చుకోకుండానే విచ్చుకుంటున్నాయి.

"ఫిట్స్ వచ్చినవాళ్ళ చెమట దూదికి అద్ది, డబ్బాలో మూసి పంపమని చెప్తే?" అంది సుభాషిణి. పంపించారు. ఆ ఆవిరి దారిలోనే ఎగిరిపోయింది. ఆకులు దూదివాసన నేర్చుకున్నాయి.

ఈలోగా పక్కకు తప్పుకున్న కంపెనీ మళ్ళీ వచ్చింది. దాని మేనేజరు నర్సరీ బల్ల దగ్గర కాఫీ తాగుతూ, చాలా మర్యాదగా, "పేషెంట్లు కొందరు స్వచ్ఛందంగా మాత్రలు ఆపితే సరిపోతుంది కదండీ, ఆకులు విచ్చుకునే ఆ కాస్త కాలం," అన్నాడు.

సుభాషిణి లేచి నిలబడింది. "మాత్రలు ఆపితే ఫిట్స్ ఆగకుండా వస్తాయి. మనిషి పోవచ్చు. మీరు కాఫీ తాగి బయల్దేరండి."

"ఎంతోమందికి మేలు..."

"మేలు నాకూ తెలుసు. అలా మాత్రం చెయ్యను."

నీడపందిరి అవతల కోలియస్ కొనలు తుంచుతున్న కౌముది ఆ మాటలన్నీ విన్నది.

ఆమె ఆ వారమే క్లినిక్‌లో ఒకామెను కలిసింది. ధవళేశ్వరం నుంచి వచ్చిన ఎస్తేరు. బిడ్డను చంకనేసుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉండగా ఫిట్స్ వచ్చి, బిడ్డను అవతలికి తోసేసి తను మంట మీద పడింది. కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. ఆమెకు ఏ మాత్రా సరిగా పనిచెయ్యడం లేదు.

"బిడ్డని నేను ముట్టుకోవడం లేదు చెల్లీ," అంది ఎస్తేరు, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని. "అత్తే పెంచుతుంది. నేను దూరం నుంచి చూత్తాను. ఎప్పుడొత్తదో తెలిత్తే చాలు. బిడ్డని కింద పెట్టేత్తాను. అంతే, ఇంకేం వద్దు నాకు."

కౌముది ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పింది. "ఏదో ఒకటి చెయ్యాలమ్మా," అంది.

"చేస్తాను. కొంచెం టైం పడుతుంది."

"ఎంత టైం?"



* * *

ఆ తర్వాత కొన్నాళ్ళకు కౌముది పిల్లమొక్కలన్నిటినీ తన గదిలోకి మార్చుకుంటానంది. వీర్రాజు సంతోషంగా బల్ల వేసి పెట్టాడు. చుట్ట విప్పబోతున్న ఆకులున్న మొక్కలనే ఆమె ఏరి ముందువరసలో పెట్టుకోవడం ఎవరూ పట్టించుకోలేదు. మాత్రలు ఆమె తనే వేసుకుంటుంది కాబట్టి డబ్బాలో ఎన్ని ఉన్నాయో చూసే అలవాటు ఇంట్లో ఎవరికీ లేదు.

మొదట చిన్నచిన్నగా వచ్చాయి. కౌముది ఎవరికీ చెప్పలేదు. చాప పరుచుకుని పడుకునేది. లేచాక మొహం కడుక్కుని బయటికి వచ్చేది.

ఒక ఆదివారం బాగా పొద్దెక్కాక సుభాషిణి గది తలుపు తీసేసరికి బల్ల నిండా వంకాయ రంగే. కొత్తగా విచ్చుకున్న ఆకుల్లో ఒక్కటి కూడా పరుచుకుని లేదు. తల్లిమొక్క, పిల్లమొక్కలు, చిన్నవి, పెద్దవి, అన్నీ నిలబడి ఉన్నాయి. ఆ క్షణంలో ఆమెకు కలిగింది సంతోషం. పనిచేశాయి, అనుకుంది. ఆ మరుక్షణం అర్థమైంది. చాప మీద కౌముది ఒళ్ళు అప్పటికే కొట్టుకుంటోంది.

ఆ ఫిట్స్ ఆగలేదు. ఒకటి తగ్గకముందే ఇంకొకటి. వీర్రాజు నర్సరీ వ్యాను తెచ్చాడు. వెనక కుండీలు దించే తీరిక కూడా లేకపోయింది. క్రోటన్ల మధ్యనే పిల్లను పడుకోబెట్టి, సుభాషిణి తల పట్టుకుని కూర్చుంటే, రాజమండ్రి ఆస్పత్రికి పరిగెత్తించాడు. ఇలియాస్ ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇచ్చి, చివరికి మత్తులో పెట్టి గానీ ఆపలేకపోయాడు.

రక్త పరీక్ష చూసి ఆయన బయటికి వచ్చాడు. "మాత్రలు వేసుకోవడం లేదు మేడమ్. చాలా రోజులుగా."

వీర్రాజు గోడకు జారగిలబడ్డాడు. 

"ఆ బల్ల మీదున్నవన్నీ పీకి కుప్పలో పారేత్తాను," అన్నాడు వీర్రాజు.  "మొక్కలు కావాలో పిల్ల కావాలో నువ్వే చెప్పు సుభా."

"పిల్లే. ఇంకో మాట లేదు."

"మరి పిల్లకి ఆ సంగతి తెలీలేదేం?"

సుభాషిణి ఆ ప్రశ్నను చాలాకాలం మోసింది.

* * *

కౌముది కళ్ళు తెరిచింది. అమ్మను గుర్తుపట్టింది, నాన్నను గుర్తుపట్టింది. కానీ మాటలు దొరకలేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు వైపు చూసేది, ఆ మాట పెదవులదాకా వచ్చి ఆగిపోయేది. కొన్ని తిరిగి వస్తాయనీ, కొన్ని రాకపోవచ్చనీ ఇలియాస్ దాచకుండా చెప్పాడు.

కాస్త కూర్చోగలిగాక, ఆమె దుప్పటి మీద వేలితో ఏదో గీసింది. పొడుగాటి కాడ, దాని మీద వెడల్పాటి ఆకు.  వీర్రాజు ఇంటికి వెళ్ళి, ఒక మొక్క తెచ్చాడు. గదిలోని బల్ల మీదివి ముట్టుకోవడానికి అతనికి మనసొప్పలేదు. కౌముది గదికి చేరకుండా నర్సరీ మూలన మిగిలిపోయిన పిల్లమొక్క ఒకటి, ఇంకా ఏ వాసనా ఎరగనిది. దానికి ఒకే ఒక్క కొత్త ఆకు, చుట్ట విప్పకుండా ఉంది.

"మట్టి కుండీలు వార్డులోకి రానివ్వమండీ," అంది నర్సు.

"కుండీ కడిగే తెచ్చానమ్మా. పైన మట్టి కనపడకుండా గులకరాళ్ళు పరిచాను. పిల్ల చూసుకోవాలంటుంది. ఉంచండి, మీకు పుణ్యం ఉంటది."

కిటికీ దగ్గర ఉంచనిచ్చింది. కౌముది దానికి రోజూ నీళ్ళు పోసేది. చుట్ట కొద్దికొద్దిగా వదులైంది. పక్క మంచం మీద సామర్లకోట నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. ఆమెకు మెదడులో గడ్డ. మందులు ఇస్తున్నా ఫిట్స్ ఇంకా అదుపులోకి రాలేదు. ఆమె మంచానికీ కిటికీకీ మధ్య ఒక కుర్చీ పట్టేంత చోటే ఉంది.

ఆకు పూర్తిగా పరుచుకున్న తర్వాత ఒక మధ్యాహ్నం, సుభాషిణి బత్తాయి వొలుస్తుంటే, కౌముది ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లే... లేచింది."

ఆ ఒక్క ఆకు నిలబడింది. సుభాషిణి మొదట కూతురి వైపు చూసింది.  కౌముది తల అడ్డంగా ఊపి పక్క మంచం చూపించింది. పెద్దావిడ మంచం అంచున కూర్చుని కాఫీ తాగుతోంది. సుభాషిణి వెళ్ళి గ్లాసు తీసుకుని, "కాసేపు పడుకోండమ్మా," అంది. ఆవిడ విసుక్కుంటూనే పడుకుంది. నర్సు వచ్చి మంచం కడ్డీలు పైకి లేపింది. ఆ తర్వాత ఆవిడకు ఫిట్స్ వచ్చింది. తగ్గింది.

సుభాషిణి వచ్చి కూతురి మంచం మీద కూలబడింది. ఎంత తేలికైన సంగతి. రోగి వాసనను మొక్క దగ్గరికి తేవడానికి ఆమె అన్ని తంటాలు పడింది. మొక్కను తీసుకెళ్ళి రోగి పక్కన పెడితే సరిపోయేది. చుట్ట విప్పని ఆకుతో. ఎవరి జబ్బుకు వాళ్ళే, ఎలాగూ వచ్చే ఆ ఫిట్స్‌తోనే, తమ మొక్కకు నేర్పుకుంటారు. ఎవరూ ఒక్క మాత్ర ఆపక్కర్లేదు. నయమైనవాళ్ళకు మొక్కే అక్కర్లేదు.

"ఇది నాకు ముందే తట్టుంటే..." అంది. 

కౌముది మాట కోసం వెతుక్కుంది. "ఇప్పుడు... ఇప్పుడైనా తట్టింది కదా."

"ఎందుకు చేశావే అలా? నాకొక్క మాట చెప్పకూడదా?"

"నువ్వు... ఒప్పుకోవు."

"ఒప్పుకోను. చచ్చినా ఒప్పుకోను."

"అందుకే."

సుభాషిణి ఏడుస్తూనే కూతురి తల నిమిరింది. "ఇంకెప్పుడూ ఇలా చెయ్యవు. నాకు మాటివ్వు."

కౌముది తల ఊపింది. కాసేపాగి, "నువ్వు కూడా," అంది. "నువ్వు... మానెయ్యకు."

"మానెయ్యను."

ఆ సాయంత్రం వీర్రాజు వచ్చాక సుభాషిణి అతన్ని వరండాలోకి తీసుకెళ్ళి జరిగింది చెప్పింది. 

"ఆ బల్ల మీదివి పీకెయ్యలేదు," అన్నాడు అతను. "పీకుదామనే ఎల్లాను. పిల్ల కష్టమంతా వాటి మీదుంది. చెయ్యి రాలేదు. నీళ్ళు పోసి వచ్చేశాను."

* * *

సుభాషిణి ప్రయోగశాలలో మిగతా పనులన్నీ పక్కన పెట్టింది. అనుమతుల కోసం కమిటీల ముందు నిలబడింది. ఒక్కో చోటా ఒకటే షరతు ముందుగా చెప్పింది. మొక్క కోసం ఎవరి మందూ ఒక్క పూట కూడా ఆపకూడదు, ఆపించినవాళ్ళకు మొక్క ఇవ్వకూడదు. "ఎందుకంత పట్టు?" అని ఒకాయన అడిగితే, కూతురి సంగతి దాచకుండా చెప్పింది.  కంపెనీ మేనేజరు మళ్ళీ ఫోన్ చేశాడు. సుభాషిణి సీసాల్లో పెంచే పని వరకూ అతని సాయం తీసుకుంది, షరతు మాత్రం మార్చలేదు.

కౌముది మాత్రలు ఇప్పుడు వీర్రాజు చేతి మీదుగా వెళ్తాయి. ఫిట్స్ దాదాపు ఆగిపోయాయి. మాటలు కొన్ని తిరిగివచ్చాయి. కొన్ని రాలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొక్కల పేర్లు కూడా ఒక్కోసారి దొరకవు. కలాడియాన్ని చూపిస్తూ, "అది... ఎర్రది, చెవుల్లా ఉండేది," అంటుంది. తర్వాత తనే నవ్వుతుంది. ఒక్కోసారి నవ్వదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. అలాంటప్పుడు సుభాషిణి వెళ్ళి పిలవదు, ఎదురుచూస్తుంది.

మొక్కలు ఇళ్ళకు చేర్చే రోజు వచ్చినప్పుడు కౌముది తను కూడా వెళ్తానంది. వీర్రాజు ఒప్పుకోలేదు. దారిలో ఏమన్నా అయితే? కౌముదికి కాపలా ఉండే మొక్కను రోజూ వ్యానులో తిప్పితే ఎండకు మాడిపోతుంది. దాని కాపలా ఆ గది వరకే.

"నాన్నా," అంది కౌముది. "మొక్క బతికించడం... వాళ్ళకి ఎవరు చెప్తారు? చచ్చిపోతే... ఎవరికీ పనికిరాదు."

"అమ్మ చెప్తదిలే."

"అమ్మ... చదువు చెప్తుంది. నేను నీళ్ళు పొయ్యడం చెప్తాను."

వీర్రాజు నవ్వాపుకోలేకపోయాడు. సుభాషిణి వైపు చూశాడు. "రానివ్వండి," అంది ఆమె. అనడం తేలిక కాలేదు.

మొట్టమొదటి మొక్క ధవళేశ్వరంలో ఎస్తేరు ఇంటికే వెళ్ళింది. ఆ తర్వాత ఆకు విచ్చుకునే రోజులన్నీ కౌముది వారం వారం వెళ్ళి చూసుకుంది. ఒకే గది, రేకుల కప్పు. మధ్యాహ్నం సెగ మొక్కకు తగలకుండా కిటికీకి తడి గోనె కట్టించింది. పప్పు కడిగిన నీళ్ళు పొయ్యొద్దంది. కుళాయి నీళ్ళు నిలవబెట్టమంది. ఎర్రనల్లి పురుగు పడితే ఎలా ఉంటుందో ఆకు తిరగేసి చూపించింది. మాట దొరకనప్పుడు చేతులతో చెప్పింది. ఎస్తేరు అత్త ముందు మొహం ముడుచుకున్నా, రెండో వారానికి తనే ఆకులు తుడవడం మొదలుపెట్టింది.

ఒక గురువారం సుభాషిణి కూడా వెంట వెళ్ళింది. ఎస్తేరు గుమ్మంలో కూర్చుని, చాలాకాలం తర్వాత బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అన్నం తినిపిస్తోంది. కాలిన చెయ్యి ముడతలు పడి ఉంది. అత్త పక్కనే ఉంది. కౌముది మొక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, కుండీలో వేలు గుచ్చి తడి చూస్తోంది.

ఆకులు లేచాయి.

మెల్లగా, ఒకదాని వెనక ఒకటి. గులాబీ గీతలు మరుగై గదంతటికీ వంకాయ రంగు కనిపించింది.

ఎస్తేరు కౌముది వైపు చూసింది. కౌముది ఎస్తేరు వైపు చూసింది. ఆ మొక్క నేర్చుకున్నది ఎస్తేరు వాసనే. కానీ ఇద్దరి జబ్బూ ఒకటే. ఎవరికోసం లేచిందో చెప్పడం సుభాషిణి వల్ల కూడా కాదు.

"నీకా చెల్లీ, నాకా?"

"తె... తెలీదక్కా."

ఎస్తేరు ఒక్క క్షణం కూడా తడబడలేదు. బిడ్డ మూతి తుడిచి అత్త చేతికిచ్చింది. అన్నం పళ్ళెం అవతలికి జరిపింది. అత్త బిడ్డతో గుమ్మం దిగింది. కౌముది చాప పరిచి, కళ్ళజోడు తీసి తల్లికిచ్చింది. ఇద్దరూ పక్కపక్కన, ఒకరికొకరు ఎదురుగా ఒత్తిగిలి పడుకున్నారు. సుభాషిణి కాళ్ళు కూతురి వైపు లాగుతున్నాయి. ఆమె తనను తాను ఆపుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

"చూద్దాం," అంది కౌముది.

ఎస్తేరు నవ్వింది. నవ్వుతుండగానే ఆమె కళ్ళు పక్కకు తిరిగాయి.

కౌముది లేచి కూర్చుంది. తన చున్నీ మడిచి ఎస్తేరు తల కింద పెట్టింది. కాలిన చెయ్యి నేలకు కొట్టుకోకుండా తన ఒళ్ళోకి తీసుకుంది, బిగించి పట్టుకోకుండా, మెత్తగా. నోట్లో ఏమైనా పెట్టాలేమోనని గుమ్మంలోంచి అత్త చెంచాతో రాబోతే, వద్దని చెయ్యి ఊపింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ, అయినా తొందరపడకుండా చెప్పింది.

"ఏం కాదత్తా. వస్తుంది... పోతుంది. నేనున్నాను."

ఇన్నేళ్ళూ ఆ పని కౌముదికి ఎవరో ఒకరు చేస్తూ వచ్చారు. ఇప్పుడు ఆమె చేస్తోంది. సుభాషిణి చేతిలోని కళ్ళజోడును పమిటచెంగుతో తుడిచి, కూతురు అడిగేదాకా పట్టుకుని నిలబడింది.

ఎస్తేరు ఒళ్ళు నెమ్మదించింది. ఊపిరి సర్దుకుంది. కళ్ళు తెరిచి మొదట బిడ్డ కోసం వెతికింది. అత్త తెచ్చి చూపించింది. బిడ్డ బుగ్గ మీద ఇంకా అన్నం మెతుకు ఉంది, ఒంటి మీద గీత కూడా పడలేదు.

"కింద పెట్టానా?" అంది ఎస్తేరు, నిద్రమత్తులో.

"పెట్టావక్కా," అంది కౌముది. ఆ మాటకు ఆమె ఎక్కడా ఆగలేదు.